కట్టడం అడగాలా, జీతం అడగాలా? సంపన్నుల దానం గురించి రాయగడ నుంచి ఒక ప్రశ్న

నాగావళి ఒడ్డు (రాయగడ, ఒడిశా)

సభ్యులందరికీ నమస్కారం. మా పేటలో చందాలతో నడిచే చిన్న తెలుగు పఠనమందిరం ఒకటి ఉంది. పగలు పెద్దవాళ్లు పత్రికలు చదువుకుంటారు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిదిన్నర వరకు పదో తరగతి, ప్లస్ టూ చదివే ఆడపిల్లలు వచ్చి కూర్చుంటారు. వీళ్లకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పోటీ పరీక్షల్లో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య దారి చూపించడానికి ఒక టీచరమ్మను పెట్టుకున్నాం. మేమిచ్చే నాలుగు వేలతో ఆమెకు ఇల్లు గడవక, పోయిన దసరా తరువాత వేరే ఊరికి వెళ్లిపోయారు. ఆ రోజు నుంచి పిల్లలు వస్తున్నారు గానీ, అడిగిన లెక్కకు సమాధానం చెప్పే మనిషి లేదు.

ఇప్పుడు ఒక పెద్ద కంపెనీ సామాజిక బాధ్యత విభాగం వారు వచ్చి, ప్రతిపాదన రాసి ఇమ్మని అడిగారు. మా కమిటీ పెద్దలు రెండంతస్తుల భవనం, పైన సభామందిరం అడుగుదామంటున్నారు. నా మనసు ఒప్పుకోవడం లేదు. మా బంధువుల పల్లెలో పదేళ్ల కిందట ఒక దాత కట్టించిన చదువుల గది ఉంది. గోడ మీద శిలాఫలకం ఇప్పటికీ మెరుస్తూనే ఉంది, లోపల మాత్రం ఎరువుల బస్తాలు ఉన్నాయి.

మన దేశంలో పెద్ద పారిశ్రామికవేత్తలు వేల కోట్లు ఇస్తున్నారని చదువుతున్నాం. ఆ డబ్బు ఏ పద్ధతిలో కదులుతుంది, అందులో మాలాంటి వాళ్లు ఏది అడగడం న్యాయం? తెలిసినవారు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

పర్లాకిమిడి మాస్టారు (గజపతి జిల్లా)

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు మనకు దగ్గరలోనే, వంశధార ఒడ్డున ఉన్న శ్రీముఖలింగం గుడి రాళ్ల మీద ఉంది. అక్కడి గాంగ రాజుల కాలపు శాసనాల్లో అఖండ దీపానికి చేసిన దానాలు కనిపిస్తాయి. ఆనాటి దాతలు ఒక కుండెడు నెయ్యి ఇచ్చి వెళ్లిపోలేదు. దీపం ఎన్నటికీ ఆరకుండా ఉండటానికి ఆవులనో, గొర్రెలనో, భూమినో ఇచ్చి, వాటిమీద వచ్చే ఆదాయంతో రోజుకు ఇంత నెయ్యి పోయాలని రాయించారు. దీపపు కుంది ఒకనాటి ఖర్చు, నెయ్యి రోజువారీ ఖర్చు అన్న సంగతి వాళ్లకు బాగా తెలుసు. మీ భవనం కుంది వంటిది, టీచరమ్మ జీతం నెయ్యి వంటిది.

ఆధునిక కాలంలో ఈ తెలివిని పట్టుకున్నవారిలో టాటాలను మొదట చెప్పుకోవాలి. జంషెడ్జీ టాటా 1892లో ఏర్పాటు చేసిన నిధి విదేశాల్లో పైచదువులకు వెళ్లేవారికి అప్పుగా డబ్బు ఇచ్చేది. ఒకరు తిరిగి కట్టినది మరొకరికి అందేది. తరువాతి రోజుల్లో రాష్ట్రపతి అయిన కె.ఆర్. నారాయణన్ లండన్‌లో చదువుకున్నది టాటా వారి సాయంతోనే. జంషెడ్జీ కుమారులు ఇంకా ముందుకు వెళ్లి తమ సంపదను ట్రస్టులకు రాశారు. 1919లో చిన్న కొడుకు రతన్ టాటా పేరిట, 1932లో పెద్ద కొడుకు దోరాబ్జీ టాటా పేరిట ట్రస్టులు ఏర్పడ్డాయి. ఈనాడు టాటా సన్స్ వాటాల్లో దాదాపు 66 శాతం ఇటువంటి ట్రస్టుల చేతిలో ఉంది. కంపెనీ లాభం పంచినప్పుడల్లా అందులో పెద్ద భాగం ట్రస్టుకు చేరుతుంది. ఏ వారసుడి మనసు మారినా దీపానికి నెయ్యి ఆగదు. నా దృష్టిలో ఎంత ఇచ్చారన్నదాని కన్నా ఈ ఏర్పాటే గొప్పది.

జయపురం వకీలు (కొరాపుట్ జిల్లా)

మాస్టారు గారు చెప్పినదానికి ముందుగా ఒక తేడా స్పష్టం చేయాలి, లేకపోతే నాగావళి ఒడ్డు గారి ప్రతిపాదన తప్పు గుమ్మానికి చేరుతుంది. ధనవంతుడు తన సొంత ఆస్తిలోంచి ఇచ్చేది వేరు, కంపెనీ చట్టం ప్రకారం ఖర్చు పెట్టేది వేరు.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. 500 కోట్ల నికర విలువ గాని, 1,000 కోట్ల టర్నోవరు గాని, 5 కోట్ల నికర లాభం గాని ఉన్న కంపెనీ, అంతకు ముందు మూడు సంవత్సరాల సగటు లాభంలో కనీసం 2 శాతం సామాజిక కార్యక్రమాలకు ఖర్చు చేయాలి. తాను పనిచేసే ప్రాంతానికీ చుట్టుపక్కలకూ ప్రాధాన్యం ఇవ్వాలని కూడా అందులోనే ఉంది. మిమ్మల్ని కలిసినవారు మాట్లాడుతున్నది ఈ డబ్బు గురించే.

మీకు పనికివచ్చే సంగతులు మరికొన్ని ఉన్నాయి. ఏయే పనులకు ఖర్చు పెట్టవచ్చో చెప్పే ఏడవ షెడ్యూలులో విద్యతో పాటు ప్రజా గ్రంథాలయాల స్థాపన కూడా పేరు పెట్టి ఉంది, కాబట్టి మీ పఠనమందిరం నిస్సందేహంగా అర్హమైన పని. అయితే 2021 ఏప్రిల్ నుంచి, కంపెనీ తరఫున పని చేసే సంస్థ కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వద్ద సీఎస్‌ఆర్-1 (సీఎస్‌ఆర్ అంటే కంపెనీల సామాజిక బాధ్యత) పత్రంతో నమోదై ఉండాలి, ఆదాయపు పన్ను చట్టం కింద సంస్థకు పన్ను మినహాయింపునిచ్చే 12ఏ, దాతలకు పన్ను రాయితీనిచ్చే 80జీ గుర్తింపులు ఉండాలి, కంపెనీ సొంతంగా స్థాపించినది కాకపోతే మూడేళ్ల అనుభవం చూపించాలి. మీ కమిటీకి ఇవి లేకపోతే, ఉన్న మరో సంస్థ ద్వారా వెళ్లాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెబుతున్నాను. ఈ డబ్బు ఒకే సంవత్సరంలో అయిపోవాలని చాలామంది అనుకుంటారు, అందుకే మార్చి నెల రాగానే గోడలు లేస్తాయి, రంగులు పడతాయి. కాని నిబంధనల్లో కొనసాగే ప్రాజెక్టు అనే వెసులుబాటు ఉంది. మొదలుపెట్టిన సంవత్సరాన్ని వదిలేసి మరో మూడేళ్ల వరకు ఆ పని సాగవచ్చు. ఆ ఏటికి మిగిలిన సొమ్మును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి దాచాలి. అంటే టీచరమ్మ జీతాన్ని దాదాపు నాలుగేళ్లకు అడగడానికి చట్టం అడ్డు కాదు. అడ్డుపడేది మన అలవాటు మాత్రమే.

కాశీపురం కొండదారి (రాయగడ జిల్లా)

అందరి మాటలూ గౌరవంతో చదివాను. అయినా ఒక మాట చెప్పకుండా ఉండలేను. వకీలు గారు వివరించిన 2 శాతాన్ని దానం అని పిలవడానికి నాకు మనసు రాదు. చట్టం చెల్లించమన్నదాన్ని చెల్లించడం బాధ్యత. దానం అనే మాట వాడిన క్షణంలో పుచ్చుకునేవాడు చేతులు కట్టుకు నిలబడవలసి వస్తుంది.

మా వైపు ఈ తేడా పుస్తకాల్లోది కాదు. బాక్సైటు గనికీ అల్యూమినా కర్మాగారానికీ వ్యతిరేకంగా సాగిన ఉద్యమంలో 2000 డిసెంబరులో మైకంచ్‌లో జరిగిన పోలీసు కాల్పుల్లో ముగ్గురు ఆదివాసులు ప్రాణాలు కోల్పోయారు. నియమగిరి కొండల్లో బాక్సైటు గని విషయంలో 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు నిర్ణయాన్ని గ్రామసభలకు వదిలింది, రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభలూ గని వద్దని తేల్చి చెప్పాయి. ఆ సభల్లో కూర్చున్న డొంగ్రియా కొంధులకు, అంటే ఆ కొండల మీది ఆదివాసులకు, బడులూ ఆసుపత్రులూ అక్కరలేదని ఎవరూ అనలేరు. కొండను ఇచ్చి వాటిని కొనుక్కోవడం తమకు సమ్మతం కాదని మాత్రమే వారు చెప్పారు.

పూరీ దగ్గర ప్రతిపాదించిన వేదాంత విశ్వవిద్యాలయం కథ కూడా గుర్తుచేసుకోవాలి. తన సంపదలో 75 శాతం సమాజానికి ఇస్తానని ప్రకటించిన అనిల్ అగర్వాల్ పేరిట ఉన్న ఫౌండేషన్ కోసం ప్రభుత్వం దాదాపు 6,000 ఎకరాల సేకరణకు పూనుకుంది. 2010లో ఒడిశా హైకోర్టు ఆ భూసేకరణను కొట్టివేసింది, 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేస్తూ ఫౌండేషన్‌కు 5 లక్షల రూపాయల ఖర్చులు కూడా విధించింది. విశ్వవిద్యాలయం ఎంత మంచి ఆశయమైనా, రైతుల భూమి మీద దాత కల కట్టడానికి వీలులేదని నేను ఆ తీర్పును అర్థం చేసుకున్నాను.

కనుక నాగావళి ఒడ్డు గారూ, అడగండి. కాని ఆ సొమ్ము మన ప్రాంతానికి రావలసిన బాకీ అన్న స్పృహతో తలెత్తి అడగండి.

పర్లాకిమిడి మాస్టారు

కొండదారి గారి మాటలో న్యాయం ఉంది. సొమ్ము ఎక్కడి నుంచి వచ్చిందన్న ప్రశ్న పాత దాతలను కూడా వదలదు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. విశాఖపట్నంలో సైన్సు, సాంకేతిక విద్యల కళాశాల ఆయన పేరుమీదే నిలిచింది. ఆ లక్ష కొరాపుట్ కొండల్లో రైతులూ ఆదివాసులూ కట్టిన శిస్తులోంచి వచ్చిందే. ఈ సంగతి మరచిపోకుండానే, ఆయన దానంలోని ఒక గుణాన్ని గుర్తించాలి. ఏటా అన్న మాటే ఆ గుణం. కొత్త విశ్వవిద్యాలయానికి ఆనాడు కావలసింది ఆచార్యుల జీతాలు, ప్రయోగశాల సామగ్రి. ఆయన దాన్ని అర్థం చేసుకున్నారు.

మా ఊళ్లో పాఠం చెప్పిన గిడుగు రామమూర్తి గారిని కూడా తలుచుకోకుండా ఉండలేను. ఆయన ధనవంతుడు కాదు, మాలాంటి బడిపంతులు. సవరల భాష నేర్చుకుని, సొంత డబ్బుతో వారి పిల్లలకు వారి భాషలో బడులు నడిపారు. ఏ భాషలో చెబితే పిల్లకు అందుతుందన్న ప్రశ్న ఆయన వేసుకున్నారు. ఈనాడు వేల కోట్ల దాతలు మన సరిహద్దు జిల్లాలకు వచ్చినప్పుడు ఆ ప్రశ్న వేసుకుంటే నాకు అంతకన్నా సంతోషం లేదు. ఒడిశా అంటే ఒడియా పుస్తకం, ఆంధ్ర అంటే తెలుగు పుస్తకం అని పంపేస్తే, మధ్యలో ఉన్న సవర పిల్ల, కువి భాష మాట్లాడే కొంధు పిల్ల, తెలుగు పిల్ల ముగ్గురూ మిగిలిపోతారు.

ప్రాణహిత గట్టు (సిరొంచ, గడ్చిరోలి జిల్లా)

మహారాష్ట్ర వైపు నుంచి రెండు మాటలు. మా ఇళ్లలో తెలుగు, కార్యాలయాల్లో మరాఠీ, కాబట్టి మాస్టారు గారి బాధ మాకు కొత్త కాదు. రాయగడ, కొరాపుట్, గజపతిలాగే మా గడ్చిరోలి కూడా 2018లో కేంద్రం ప్రకటించిన ఆకాంక్షిత జిల్లాల, అంటే అభివృద్ధిలో వెనుకబడిన జిల్లాల, జాబితాలో ఉంది. సామాజిక బాధ్యత డబ్బు ఎక్కువగా అందుకునే రాష్ట్రాల్లో మహారాష్ట్ర ముందుంటుంది, కాని రాష్ట్రం పేరు మీద వచ్చిన అంకె ముంబయి, పుణేల దగ్గర ఆగిందా, ప్రాణహిత దాకా వచ్చిందా అన్నది ఆ అంకెలో కనిపించదు. మేము చూపించగల మంచి ఉదాహరణ మా జిల్లాలోని హేమలకస. బాబా ఆమ్టే 1973లో మొదలుపెట్టిన ఆ ఆసుపత్రి, బడి ఇన్నేళ్లు నిలవడానికి అక్కడే ఉండిపోయిన వైద్య దంపతులు కారణం. డబ్బు వారి వెనుక నడిచి వచ్చింది. మీ టీచరమ్మ వెళ్లిపోయిన చోట భవనం కట్టడమంటే ఆ వరుసను తలకిందులు చేయడమే.

ఆసుపత్రి అక్క (విశాఖపట్నం, సొంత ఊరు గుణుపురం)

నేను ఇరవై ఏళ్లుగా నర్సు ఉద్యోగం చేస్తున్నాను. మన వైపు రోగులు రాయగడ, పార్వతీపురం మీదుగా రైల్లో దిగి నన్ను వెతుక్కుంటూ వస్తుంటారు, అందుచేత దానం వల్ల నిలిచిన ఆసుపత్రుల గురించి నాకు తెలిసింది చెబుతాను.

ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిని 1987లో హైదరాబాదులో డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు స్థాపించారు. సినీ దర్శక నిర్మాత ఎల్.వి. ప్రసాద్ గారు స్థలం, డబ్బు ఇచ్చారు. 2006 నుంచి భువనేశ్వరులో పెద్ద ప్రాంగణం పనిచేస్తోంది, రాయగడలోనూ వారి కేంద్రం ఉంది. దాతల డబ్బు భవనాలకూ యంత్రాలకూ ఊతమిస్తుంది. రోజువారీ పని మాత్రం స్తోమత ఉన్నవారు చెల్లించే రుసుముతో, లేనివారికి ఉచిత చికిత్స చేస్తూ సాగుతుంది. దాత మరొక చెక్కు రాస్తాడా అని ఎవరూ ఎదురుచూడనక్కరలేదు.

రెండవది టాటా మెమోరియల్. దోరాబ్జీ టాటా ట్రస్టు 1941లో ముంబయిలో ఆ క్యాన్సరు ఆసుపత్రిని తెరిచింది. 1957లో కేంద్ర ఆరోగ్య శాఖ దాన్ని స్వీకరించింది, 1962లో అణుశక్తి విభాగం కిందికి వెళ్లింది. ఆ కుటుంబానికి చెందినదే ఇక్కడ అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సరు ఆసుపత్రి. ట్రస్టు ఆసుపత్రిని నిలబెట్టింది, తరువాతి ఖర్చును ప్రభుత్వం మోసింది. ముంబయి వెళ్లే స్తోమత లేని మన తల్లులు ఈనాడు అగనంపూడిలో మందు ఎక్కించుకుంటున్నారంటే, ఆ బాధ్యత ఒక చేతి నుంచి మరో చేతికి జారిపోకుండా అందడం వల్లనే. మీ ప్రతిపాదనలో నాలుగేళ్ల తరువాత జీతం ఎవరిస్తారన్న ప్రశ్నకు కూడా ఇప్పుడే జవాబు రాయండి. రోగి మధ్యలో మందు ఆపితే ఏమవుతుందో నేను చూశాను. చదువు విషయంలోనూ అంతే.

బరంపురం నేత ఇల్లు (గంజాం జిల్లా)

నాకు అజీం ప్రేమ్‌జీ గారి మీద ప్రత్యేకమైన గౌరవం ఉంది, దానికి కారణం చెబుతాను. 2013లో, తమ సంపదలో సగానికి పైగా దానం చేస్తామని మాట ఇచ్చే అంతర్జాతీయ ఒప్పందంలో చేరిన మొదటి భారతీయుడు ఆయన. 2019 మార్చిలో విప్రో వాటాల్లో మరో 34 శాతం ఆదాయాన్ని, అంటే అప్పటి విలువలో దాదాపు 52,750 కోట్ల రూపాయలను తన ఫౌండేషన్‌కు అంకితం చేయడంతో మొత్తం నిధి సుమారు 1.45 లక్షల కోట్లకు చేరింది. మాస్టారు గారు చెప్పిన ఆవుల మంద ఇదే. ఆ సంస్థ ఎక్కువగా పనిచేసేది ప్రభుత్వ బడుల ఉపాధ్యాయులతో. కర్ణాటకలో ప్రభుత్వ బడుల పిల్లలకు గుడ్లు పెట్టడానికి 2024లో మూడేళ్లకు 1,500 కోట్ల ఒప్పందం చేసుకున్నారు. గుడ్డు మీద పేరు చెక్కడానికి చోటు ఉండదు, తిన్న పిల్ల ఎముకల్లోకి వెళ్లిపోతుంది.

ఇంకా దగ్గరి విషయం. పదో తరగతి, పన్నెండో తరగతి ప్రభుత్వ బడుల్లో చదివి డిగ్రీలో చేరిన ఆడపిల్లలకు, ఆ చదువు పూర్తయ్యేవరకు ఏటా 30,000 రూపాయల ఉపకార వేతనాన్ని ఆ ఫౌండేషన్ ఇస్తోంది, అందులో ఒడిశా కూడా ఉంది. డబ్బు నేరుగా పిల్ల ఖాతాలోకి వెళుతుంది. మా నేతగాళ్ల వీధిలో పన్నెండో తరగతి తరువాత మగ్గం దగ్గర కూర్చోబెట్టబోయిన ఒక అమ్మాయి చేత దరఖాస్తు పెట్టించాను. ఆమె తండ్రికి ధైర్యమిచ్చింది ముప్పై వేలు కాదు, మూడేళ్లు వస్తుందన్న నమ్మకం. నాగావళి ఒడ్డు గారూ, మీ పఠనమందిరానికి వచ్చే పిల్లల్లో డిగ్రీలో చేరితే దీనికి అర్హులయ్యేవారు ఎంతమందో ముందు లెక్క చూడండి. కంపెనీ జవాబు కోసం ఆగకుండానే చేయగలిగిన పని ఇది.

కాశీపురం కొండదారి

నేత ఇల్లు గారు చెప్పినది నా అభ్యంతరాన్ని కొంత మెత్తబరిచింది, ఒప్పుకుంటాను. సాయం పిల్ల ఖాతాలోకి నేరుగా వెళ్లినప్పుడు ఆమె ఎవరి ముందూ చేతులు కట్టుకోనక్కరలేదు. శివ్ నాడార్ గారి కుటుంబం ఏటా 2,000 కోట్లకు పైగా ఇస్తున్నదనీ, 2022లో తన అరవయ్యవ పుట్టినరోజున గౌతమ్ అదానీ 60,000 కోట్లు ప్రకటించారనీ చదివినప్పుడు, నేను ఇకపై అంకె చూడను. పుచ్చుకునేవారికి కాదనే హక్కు ఉందా, ఏటా లెక్క అడిగే హక్కు ఉందా అని చూస్తాను. మీ ప్రతిపాదనలో ఆ రెండు హక్కులూ రాయించండి. కంపెనీ పేరు గోడ మీద రాయనక్కరలేదని, జమాఖర్చుల పట్టిక మాత్రం ప్రతి సంక్రాంతికి గుమ్మం మీద అతికించాలని.

జయపురం వకీలు

కొండదారి గారు కోరిన రెండింటినీ అవగాహన పత్రంలో సులభంగా చేర్చవచ్చు. ఆర్థిక సహాయం మధ్యలో నిలిపివేయదలిస్తే ఆరు నెలల ముందుగా రాతపూర్వకంగా తెలపాలన్న షరతు కూడా పెట్టించండి. ముసాయిదా నేను ఉచితంగా చూసి పెడతాను.

నాగావళి ఒడ్డు

అందరికీ ఎంత కృతజ్ఞత చెప్పినా చాలదు. నిన్న సాయంత్రం ఈ చర్చ మొత్తాన్ని మా కమిటీలో చదివి వినిపించాను. మాస్టారు గారి నెయ్యి మాట దగ్గర మా అధ్యక్షుల వారు, నలభై ఏళ్లు కాగితపు మిల్లులో పనిచేసిన పెద్దాయన, కళ్లద్దాలు తీసి చాలాసేపు మాట్లాడలేదు. సభామందిరం కోరిక అసలు ఆయనదే.

రెండంతస్తుల భవనం మానుకున్నాం. ఇప్పుడున్న రేకుల గదికి కప్పు మరమ్మతు, ఒక మరుగుదొడ్డి, ఇద్దరు టీచర్లకు నాలుగేళ్ల జీతం, ఒడియా, తెలుగు, ఇంగ్లీషు మూడింటిలో పాఠ్యపుస్తకాలు అడుగుతున్నాం. టీచర్లలో ఒకరికి కువి భాష వచ్చి ఉండాలని రాశాం, ఎందుకంటే మా గదిలో వెనుక బల్ల మీద కూర్చునే ఇద్దరు పిల్లలు కొండ మీది నుంచి దిగి వచ్చి హాస్టల్లో ఉంటున్నవారే. ఆసుపత్రి అక్క అడిగిన ప్రశ్నకు ఇలా జవాబు రాశాం. చందాదారులందరం మొదటి ఏడు నుంచే నెలకు కొంత విడిగా బ్యాంకులో వేస్తాం, అయిదో ఏట కనీసం ఒక టీచరు జీతం ఆ సొమ్ము మీద నడవాలి. ఎంత వేయగలమో ఆదివారం ఇంటింటికీ తిరిగి రాసుకుంటాం.

మాకు 12ఏ గుర్తింపు లేదు, అందువల్ల నమోదై ఉన్న సంస్థ కోసం వెతుకుతున్నాం. రాయగడ, గుణుపురం ప్రాంతంలో విద్య మీద పనిచేస్తూ, మూడేళ్ల లెక్కలు సక్రమంగా ఉన్న సంస్థ ఎవరికైనా తెలిస్తే ఇక్కడే రాయండి. డిగ్రీలో చేరితే ఉపకార వేతనానికి అర్హులయ్యే పిల్లలు మా దగ్గర తొమ్మిది మంది తేలారు. వారిలో నలుగురికి బ్యాంకు ఖాతా లేదు, రేపు పొద్దున్న వారిని తీసుకుని బ్యాంకుకు వెళుతున్నాను.